పెద్దమ్మ వైద్యానికి పేటలో సాయం అడిగిన పద్ధతి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐస్ ఫ్యాక్టరీకి లెక్కలు రాస్తుంటాను. మాది జాలారిపేట. మా పెద్దమ్మకు అంగిట్లో క్యాన్సర్ వచ్చింది. మా వైపు ఆడవాళ్లు కొందరు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటాం దాన్ని. ఆవిడకీ ఆ అలవాటుంది. వైద్యం కోసం నలుగురినీ అడిగింది నేనే. ఇప్పుడు పేటలో ఎవరింటికి ఈ జబ్బు వచ్చినా నన్ను అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు సర్కారు ఇచ్చేది తీసుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అవుతాయి. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరకెళ్లి, మీ వైద్యంలో ఏది వస్తుందో, ఏది రాదో విడిగా రాయించుకోండి. ఏమన్నా అనుమానముంటే 104కి ఫోన్ చెయ్యండి. పథకంలోకి రాని వైద్యానికి సొంత డబ్బు కడితే ఒరిజినల్ బిల్లులు దాచండి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టేటప్పుడు అవే అడుగుతారు. ముంబై టాటా క్యాన్సర్ ఆసుపత్రికో, వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికో పంపితే డాక్టరు సంతకంతో రైల్వే రాయితీ ఫారం తీసుకోండి. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగికి ఛార్జీ మొత్తం, తోడు మనిషికి 75 శాతం తగ్గుతుంది.

ఇవన్నీ పోగా మిగిలినదానికే జనాన్ని అడగాలి. పెద్దమ్మ విషయంలో మిగిలింది మందుల ఖర్చు కాదు. రేడియేషన్ వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. జాలారిపేట నుంచి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి ఆ ఒంటితో రోజూ బస్సెక్కి వెళ్లలేదు. అక్కడే గది కావాలి. నోరు పుండై ముద్ద దిగదు కాబట్టి పాలు, గుడ్లు, జావ కావాలి. తోడున్న మా వదిన చేపల బుట్ట ఎత్తదు కాబట్టి ఆ రోజుల సంపాదనా పోతుంది. వైద్యం ఉచితమని విని, ఇంకా డబ్బెందుకని అడిగేవాళ్లుంటారు. ఈ ఖర్చులు విడమరిచి చెబితే ఒక్కరూ కాదనలేదు.

వాట్సాప్‌లో పెట్టింది ఇంతే:

"పేట పెద్దలకు నమస్కారం. మా పెద్దమ్మకు ఆపరేషన్ వైద్యసేవలో అయింది. సోమవారం నుంచి ఆరు వారాలు రేడియేషన్, అదీ ఉచితమే. గది, తిండి, తోడు మనిషి ఖర్చు 30,000. మా దగ్గర 11,000 ఉంది. మిగతాది మీరు తలో కొంచెం వెయ్యండి. లెక్క ప్రతి ఆదివారం ఇక్కడే పెడతాను."

ఫొటో పెట్టలేదు. "ఒరే, నా మొగం ఫోన్లో తిప్పకు" అంది పెద్దమ్మ. ఆవిడ మాట దాటే హక్కు నాకు లేదు. రోగి స్పృహలో ఉంటే అడగాల్సిందే. ఆసుపత్రి కాగితం ఫొటో చాలు, దానిమీద ఆధార్ నంబరు కనిపిస్తే కొట్టేసి పెట్టండి.

ఎప్పుడు అడగాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో పేటలో ఎవరి చేతిలోనూ రూపాయి ఆడదు. అప్పుడు అడిగితే లేదని చెప్పడానికి వాళ్లే నలిగిపోతారు. బోటు ఒడ్డుకొచ్చి కళాసీలకు, అంటే బోటులో పనిచేసేవాళ్లకు వాటాలు పంచిన సాయంత్రం అడగండి. బోటు ఓనర్ల దగ్గరికి మీరు కాదు, వాళ్లు గౌరవించే సరంగు (బోటు నడిపేవాడు) ఎవరైనా ఉంటే ఆయన్ని తీసుకెళ్లండి. నిషేధంలోనే అవసరం పడితే పోర్టులోనో, స్టీల్‌ప్లాంట్‌లోనో నెల జీతం తీసుకునే చుట్టాలను ముందు అడగండి.

పథకంలో లేని ఖరీదైన మందు లక్షల్లో అవుతుందంటేనే మిలాప్, కెట్టో లాంటి విరాళాలు పోగుచేసే వెబ్‌సైట్లకు వెళ్లండి. ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ లేకుండా అక్కడ పని జరగదు. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు వెళ్లేలా పెట్టుకోండి. బంధువులు కానివాళ్లు ఇచ్చింది ఏడాదికి 50,000 దాటి మీ ఖాతాలో పడితే ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. అందుకే ముందే ఒక ఆడిటర్‌ని కలవండి.

ఆదివారం లెక్క మాత్రం తప్పకండి. వచ్చింది, ఖర్చయింది, చేతిలో ఉంది అని మూడు వరుసలు రాసి, బిల్లుల ఫొటోలు పెట్టండి. ఎవరెంత ఇచ్చారో పేర్లతో గ్రూపులో రాయకండి, వంద ఇచ్చినవాళ్లు చిన్నబోతారు. డబ్బు మిగిలితే తర్వాతి చెకప్‌లకు ఉంచమంటారా, తిరిగిచ్చెయ్యమంటారా అని ఇచ్చినవాళ్లనే అడగండి.