దత్తత లేకుండా మారుతండ్రి ఇంటిపేరు పెట్టుకోవచ్చా? పెట్టుకోవాలంటే ఏం చేయాలి?

ఈ ప్రశ్న చాలా ఇళ్లలో స్కూల్ ఫారం దగ్గర మొదలవుతుంది. అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది, ఇంట్లో అందరిదీ ఒక ఇంటిపేరు, పిల్లాడిది మాత్రం ఇంకొకటి. క్లాసులో ఎవడో ఒకడు "నీ పేరేంటి, మీ నాన్న పేరుతో కలవట్లేదు" అంటాడు, మన పిల్లాడు ఇంటికొచ్చి అదే అడుగుతాడు, మనకు సమాధానం తోచక మర్నాడే ఫారంలో కొత్త ఇంటిపేరు రాసేస్తాం. ఎవరూ ఏమీ అనరు కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. పదేళ్ల తర్వాత పాస్‌పోర్టుకు వెళ్లినప్పుడు సర్టిఫికెట్లు ఒక పేరుతో, బర్త్ సర్టిఫికెట్ ఇంకో పేరుతో ఉన్నాయని తేలుతుంది, అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

(సవతి తండ్రి అనే మాట నాకు నచ్చదు, అందుకే మారుతండ్రి అంటున్నాను. మారుతల్లి విషయంలోనూ లెక్క ఇదే.)

ముందు మూడు విషయాలను విడదీసి చూడండి. ఒకటి, పిల్లల్ని ఏ పేరుతో పిలుస్తున్నాం. రెండు, రికార్డుల్లో ఏ పేరుంది. మూడు, చట్టం దృష్టిలో తల్లిదండ్రులు ఎవరు. మొదటిదాన్ని ఇంట్లోవాళ్లు అనుకుంటే మార్చుకోవచ్చు, చుట్టాలూ స్నేహితులూ కొత్త పేరుతో పిలిచినంత మాత్రాన దాదాపు ఎక్కడా నేరం కాదు, దాంతో ఎవరినీ మోసం చేయకపోతే చాలు. రెండోదానికి పద్ధతి ఉంది, దానికి దత్తత అన్నిచోట్లా అక్కర్లేదు. మూడోది మాత్రం ఇంటిపేరుతో మారదు, దానికి దత్తతో కోర్టు ఉత్తర్వో కావాలి. గొడవలన్నీ ఈ మూడింటినీ కలిపేసుకోవడం వల్లే వస్తాయి.

రెండో దాని గురించే ఎక్కువ చెప్పాలి. పిల్లలు మైనర్లయితే ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: కన్నతండ్రి ఒప్పుకున్నాడా? ఇంగ్లాండ్‌లో 16 ఏళ్లు దాటినవాళ్లు డీడ్ పోల్ అనే పత్రంతో తమ పేరు తామే మార్చుకోవచ్చు. అంతకంటే చిన్నవాళ్లకైతే ఆ బిడ్డ మీద తల్లిదండ్రుల బాధ్యత (అంటే బిడ్డ తరపున నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధమైన హక్కు, బాధ్యత) ఉన్న ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో కోర్టు ఉత్తర్వు ఉంటే 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ ఇంకా గట్టిగా చెబుతుంది: వాళ్లందరి రాతపూర్వక సమ్మతి లేదా కోర్టు అనుమతి లేకుండా బిడ్డను కొత్త ఇంటిపేరుతో పరిచయం చేయడమే కుదరదు. అంటే అక్కడ స్కూల్లో ఊరికే వాడుక పేరుగా రాయించినా ఇరుక్కుంటారు. జర్మనీ అయితే ఈ పరిస్థితికే చట్టంలో ఒక సెక్షన్ పెట్టేసింది. బిడ్డ తమ ఇంట్లోనే ఉంటే, కస్టడీ ఉన్న తల్లి, ఆమె భర్త కలిసి పౌర నమోదు కార్యాలయంలో ప్రకటన ఇచ్చి తమ ఇంటిపేరు ఇవ్వొచ్చు, పాత ఇంటిపేరును తీసేయకుండా దానికి జోడించనూ వచ్చు. కస్టడీలో కన్నతండ్రికీ భాగం ఉన్నా, బిడ్డకు ఆయన ఇంటిపేరే ఉన్నా ఆయన సమ్మతి కావాలి, బిడ్డకు 5 ఏళ్లు నిండితే బిడ్డ సమ్మతీ కావాలి. ఐదేళ్ల వాళ్లను కూడా అడుగుతారన్నది నాకు బాగా నచ్చిన విషయం. అమెరికాలో ఇది రాష్ట్రాల వ్యవహారం. మామూలుగా కోర్టులో పిటిషన్ వేయాలి, రెండో పేరెంట్‌కు నోటీసు వెళుతుంది, బిడ్డకు ఏది మేలో చూసి జడ్జి తేలుస్తారు.

భారతదేశంలో 2022 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన కేసే. తండ్రి చనిపోయాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని బిడ్డకు కొత్త భర్త ఇంటిపేరు పెట్టింది, చనిపోయిన తండ్రి తరపువాళ్లు కోర్టుకెక్కారు. హైకోర్టు పాత ఇంటిపేరే ఉంచమంది, రికార్డుల్లో ఎక్కడైనా కొత్త భర్త పేరు రాయాల్సి వస్తే సవతి తండ్రి అని రాయమంది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా రాయించడం బిడ్డ ఆత్మగౌరవం మీద ఎలాంటి దెబ్బ కొడుతుందో ఆలోచించలేదని గట్టిగానే అంది, బిడ్డకు మిగిలిన ఒకే ఒక్క సహజ సంరక్షకురాలిగా ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని చెప్పింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ కేసులో కన్నతండ్రి లేడు. విడాకులు తీసుకుని ఆయన బతికే ఉంటే ఈ తీర్పు కాపీ పట్టుకెళ్లి వాదిస్తే సరిపోతుందని అనుకోకండి.

ఇక చేయాల్సిన పని. అన్నిటికంటే ముందు మీ విడాకుల ఉత్తర్వు, కస్టడీ ఉత్తర్వు తీసి మళ్లీ చదవండి, పేరు మార్చకూడదని అందులోనే ఒక వాక్యం ఉండొచ్చు, చాలామంది దాన్ని సంతకం పెట్టిన రోజు తర్వాత తెరిచి చూసి ఉండరు. తర్వాత కన్నతండ్రితో మాట్లాడండి, కుదిరితే గొడవలు లేని సమయం చూసి. ఒప్పుకుంటే ఫోన్‌లో "సరే" అన్న మాట మీద ఆగిపోకుండా సంతకంతో రాయించుకోండి: బిడ్డ పాత పేరు, కొత్త పేరు, తేదీ, తనకు అభ్యంతరం లేదన్న మాట. పాత ఇంటిపేరు మధ్యలో ఉంచి కొత్తది చివర పెడదామంటే మెత్తబడేవాళ్లు ఉంటారు, నా ఉద్దేశంలో చిన్నపిల్లల విషయంలో అదే మేలు కూడా. ఒప్పుకోకపోతే కోర్టు ఒక్కటే దారి. అక్కడ "ఇంట్లో అందరిదీ ఒకే పేరుంటే బాగుంటుంది" అన్న కారణం ఒక్కటే నిలబడటం కష్టం. బిడ్డ ఏమనుకుంటోంది, ఎన్నేళ్లుగా ఏ పేరుతో తెలుసు, కన్నతండ్రి వచ్చిపోతున్నాడా, పేరు మారితే ఆ బంధం తెగుతుందా లాంటివి చూస్తారు. ఆయన మీద కోపంతో వేసిన పిటిషన్ అయితే ఆ సంగతి కాగితంలోనే తెలిసిపోతుంది.

అనుమతి వచ్చాక పేరు మార్పును నిరూపించే పత్రం ఒకటి ముందు చేతిలోకి తెచ్చుకోండి. దేశాన్ని బట్టి అది కోర్టు ఉత్తర్వు కావచ్చు, డీడ్ పోల్ కావచ్చు, భారత్‌లో అయితే అఫిడవిట్ (ప్రమాణ పత్రం), పత్రికా ప్రకటన, గెజిట్ (ప్రభుత్వ అధికారిక పత్రిక)లో ప్రచురణ అనే వరస. మిగతా రికార్డులన్నీ దాని మీద ఆధారపడి మారాలి, ముందు గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు, తర్వాత స్కూల్, బ్యాంకు, ఆరోగ్య బీమా. సగం మార్చి వదిలేస్తే అసలు మార్చకపోవడమే నయం. పాత పేరుతో ఉన్న కాగితాలు పారేయకండి, రెండు పేర్లూ ఒకే మనిషివని ఎప్పుడో ఒకప్పుడు చూపించాల్సి వస్తుంది. బోర్డు పరీక్షల ఫారాలు నింపకముందే ఇదంతా పూర్తయితే మీకే సుఖం.

ఒక తప్పు మాత్రం చేయకండి. కొందరు ఇంటిపేరుతో ఆగకుండా తండ్రి పేరు అనే గడిలో కూడా మారుతండ్రి పేరు రాసేస్తారు, బర్త్ సర్టిఫికెట్‌లో మార్పించడానికి కూడా ప్రయత్నిస్తారు. ఇంటిపేరు వాడుకోవడం వేరు, ఫలానా ఆయన తండ్రి అని అధికారికంగా చెప్పడం వేరు. దత్తత లేకుండా రెండోది చేస్తే అది తప్పుడు ప్రకటన అవుతుంది, శిక్ష కూడా పడొచ్చు. ఫారంలో గార్డియన్ గడి ఉంటే అక్కడ రాయండి.

పేరు మారినా ఏమేం మారవో కూడా తెలుసుకోవాలి. కన్నతండ్రి ఇచ్చే భరణం ఆగదు, ఆయన ఎగ్గొట్టడానికి పేరు మార్పు సాకు కాదు, పిల్లల్ని చూసే హక్కూ పోదు. మారుతండ్రికి ఆస్పత్రిలో సంతకం పెట్టే హక్కు ఇంటిపేరు వల్ల రాదు. ఇంగ్లాండ్‌లో అయితే దత్తత లేకుండానే ఒప్పందం మీదో కోర్టు ద్వారానో తల్లిదండ్రుల బాధ్యత తెచ్చుకోవచ్చు, మీరున్న చోట అలాంటి దారి ఉందేమో అడగండి. ఆస్తి సంగతి మరీ ముఖ్యం. భారత్‌లో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మారుతండ్రి వీలునామా రాయకుండా చనిపోతే, ఇరవై ఏళ్లు ఆయన ఇంటిపేరుతో తిరిగిన బిడ్డ అయినా ఆయన కొడుకుగానో కూతురుగానో వారసత్వం అడగలేదు. ఇంకా చాలా దేశాల్లోనూ ఇంచుమించు ఇదే. కాబట్టి ఇంటిపేరు ఇచ్చే ఆలోచన ఉన్నాయన అదే వారంలో వీలునామా కూడా రాయడం మంచిది, నామినీ పేర్లు సరిచూసుకోవడం కూడా.

ప్రయాణాల్లో తల్లి, బిడ్డ ఇంటిపేర్లు కలవకపోతే సరిహద్దు దగ్గర ప్రశ్నలు వేస్తారన్న భయంతో కొందరు పేరు మార్పుకు తొందరపడతారు. దానికోసమే అయితే బర్త్ సర్టిఫికెట్ కాపీ, పెళ్లి సర్టిఫికెట్, రెండో పేరెంట్ ఇచ్చిన ప్రయాణ అనుమతి లేఖ దగ్గర ఉంచుకుంటే చాలావరకు సరిపోతుంది, ఇంటిపేరు జోలికి పోనక్కర్లేదు.

పిల్లాడు మేజర్ కావడానికి ఏడాదో రెండేళ్లో ఉంటే ఆగండి. అప్పుడు ఎవరి సంతకమూ అడక్కుండా తనే పెట్టుకుంటాడు, లేదా వద్దంటాడు.