పాత ఎన్ఐటీ టైటిల్‌కు విలువ కట్టడం ఎలా?

అమెరికాలో కొడుకో కూతురో చదివే యూనివర్సిటీ చూడటానికి వెళ్తాం. బాస్కెట్‌బాల్ హాల్ పైకప్పు నుంచి వేలాడే బ్యానర్లలో ఒకదాని మీద ‘ఎన్ఐటీ చాంపియన్స్’ అని కనబడుతుంది. ఇది మన ఇంజినీరింగ్ కాలేజీ ఎన్ఐటీ కాదు; నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంట్, అంటే కాలేజీ జట్లను పిలిచి ఆడించే బాస్కెట్‌బాల్ టోర్నీ. పక్కనున్నాయన వెంటనే తేల్చేస్తాడు: "అబ్బే, అది రెండో రకం టోర్నీ అండీ." ఇంకాస్త తెలిసినాయన "ఒకప్పుడు ఎన్‌సీఏఏ కంటే ఇదే పెద్దది" అంటాడు. ఎన్‌సీఏఏ అంటే అమెరికా కాలేజీ క్రీడల సంఘం; అది నడిపే టోర్నీ గెలిచినవాళ్ళే ఇప్పుడు దేశ చాంపియన్లు. ఏటా మార్చిలో, ఎవరు గెలుస్తారో ఊహిస్తూ ఆఫీసుల్లో అందరూ బ్రాకెట్లు (ఆటల పట్టికలు) నింపే రోజుల్లో, ఈ రెండు మాటలూ వింటూనే ఉన్నాను. బ్యానర్ మీద ఏ సంవత్సరం ఉందో చూడకుండానే ఇద్దరూ మాట్లాడతారు.

కావలసినవి: ఆ సంవత్సరం, ఆ ఏడాది రెండు టోర్నీల్లో ఆడిన జట్ల జాబితాలు, కాగితం, పెన్సిల్. జాబితాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఫోన్‌లో చూసి వదిలేయకండి, రెండూ పక్కపక్కనే చేత్తో రాయాలి. రాస్తేనే ఏ జట్టు లేదో కంటికి తెలుస్తుంది.

1. కాలం గుర్తించండి

1938లో న్యూయార్క్ క్రీడా విలేకరులు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు జట్లతో ఎన్ఐటీ మొదలుపెట్టారు, టెంపుల్ యూనివర్సిటీ గెలిచింది. మరుసటి ఏడు ఎనిమిది జట్లతో ఎన్‌సీఏఏ టోర్నీ వచ్చింది, ఒరెగాన్ గెలిచింది. 1950 దాకా ఒక కాలం, 1951 నుంచి 1974 దాకా రెండోది, 1975 నుంచి మూడోది. మీ బ్యానర్ ఎందులో పడుతుందో రాసుకోండి.

2. ఎవరు దేన్ని కాదన్నారో చూడండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. తొందరపడకండి.

కొందరు ఎన్‌బీఏకు (ప్రొఫెషనల్ లీగ్‌కు) వెళ్ళిన ఆటగాళ్ళను లెక్కపెడతారు, కొందరు ఫైనల్ స్కోర్లు పోలుస్తారు. నేను రెండూ ఒప్పుకోను. టోర్నీ పరువు తెలియాలంటే పిలుపు అందాక దాన్ని వద్దన్నవాళ్ళను చూడాలి. ఆడటానికి వచ్చినవాళ్ళకు వేరే దారి లేకపోయి ఉండవచ్చు. వద్దన్నవాళ్ళు మాత్రం తమ లెక్క బయటపెట్టినట్టే.

1944లో యూటా జట్టు ఎన్‌సీఏఏను పక్కనపెట్టి ఎన్ఐటీకి వెళ్ళింది. అప్పట్లో గార్డెన్‌లో ఆడటమంటే దేశమంతా చూసినట్టే. అక్కడ మొదటి ఆటలోనే కెంటకీ చేతిలో ఓడింది. ఇంతలో కారు ప్రమాదం వల్ల ఆర్కన్సా ఎన్‌సీఏఏ నుంచి తప్పుకుంటే, ఆ చోటులోకి యూటాను పిలిచారు. యూటా వెళ్ళి టైటిల్ కొట్టింది. తర్వాత రెడ్‌క్రాస్ నిధి కోసం పెట్టిన ఆటలో ఎన్ఐటీ చాంపియన్ సెయింట్ జాన్స్‌ను కూడా ఓడించింది. 1943, 1944, 1945 మూడేళ్ళూ అలాంటి ఆట జరిగింది, మూడుసార్లూ ఎన్‌సీఏఏ చాంపియనే గెలిచింది. అంటే ఆ రోజుల్లో వెలుగు ఎన్ఐటీది, కోర్టు మీద మాత్రం ఎన్‌సీఏఏ చాంపియన్లు ఏమీ తీసిపోలేదు. పరువునూ బలాన్నీ వేర్వేరు గళ్ళలో రాయండి. ఒకే గడిలో కలిపేస్తే లెక్క మొత్తం చెడిపోతుంది.

1950లో న్యూయార్క్ సిటీ కాలేజీ రెండు టోర్నీలూ గెలిచింది, రెండు ఫైనల్స్‌లోనూ బ్రాడ్లీనే ఓడించి. ఇంకెవరూ ఆ పని చేయలేదు. మరుసటి ఏడాదే డబ్బు తీసుకుని స్కోరు తగ్గించిన కుంభకోణంలో ఆ జట్టు ఆటగాళ్ళు అరెస్టయ్యారు. ఆ మచ్చ గార్డెన్‌కూ అంటింది.

రెండో కాలానికి ఇంకా జాగ్రత్త కావాలి. 1974 దాకా ఒక కాన్ఫరెన్స్ (సీజన్ అంతా తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి) నుంచి ఒక్క జట్టుకే ఎన్‌సీఏఏలో చోటు. ఎంత గొప్ప జట్టయినా కాన్ఫరెన్స్‌లో రెండోదైతే బయటే. అలాంటివి ఎన్ఐటీకి వచ్చేవి కాబట్టి ఆ ఏళ్ళ బ్యానర్లను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 1970లో మార్క్వెట్ యూనివర్సిటీ కోచ్ అల్ మెక్‌గ్వైర్ తమను దూరపు రీజియన్‌లో (టోర్నీలో ఒక ప్రాంతపు విభాగంలో) వేశారని ఎన్‌సీఏఏ పిలుపునే తిరస్కరించి ఎన్ఐటీకి వెళ్ళాడు. దారిలో పేరుమోసిన ఆటగాడు పీట్ మారవిచ్ ఉన్న ఎల్‌ఎస్‌యూను (లూసియానా స్టేట్ యూనివర్సిటీని) ఓడించి టైటిల్ గెలిచాడు. ఆ తర్వాత ఎన్‌సీఏఏ తన పిలుపును కాదని వేరే టోర్నీకి పోకుండా నిబంధన పెట్టింది.

నాలుగేళ్ళకే గాలి మారింది. 1974లో ఏసీసీ అనే కాన్ఫరెన్స్ ఫైనల్‌లో మేరీలాండ్ ఓవర్‌టైమ్‌లో 103-100 స్కోరుతో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో ఓడింది. గెలిచిన జట్టు ఆ ఏడాది దేశానికే చాంపియన్ అయింది. మేరీలాండ్‌కు మాత్రం ఎన్‌సీఏఏ తలుపు మూసుకుపోయింది. ఎన్ఐటీ పిలిస్తే ఆ జట్టు వెళ్ళనంది. నన్నడిగితే పరువు చేతులు మారిందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

3. 1975 తర్వాతవైతే

ఇది తేలిక. ఎన్‌సీఏఏ 1975లో 32 జట్లకు, 1985లో 64కు, 2011లో 68కి పెరిగింది. మంచి జట్లన్నీ అటే పోయాక ఎన్ఐటీకి మిగిలినవే వస్తాయి. 2005లో ఎన్‌సీఏఏ ఎన్ఐటీనే కొనేసింది. 2024లో సెయింట్ జాన్స్, పిట్స్‌బర్గ్, ఓక్లహోమా లాంటివి ఎన్ఐటీ పిలుపునే వద్దన్నాయి. తర్వాత వచ్చిన చిన్న టోర్నీలు సీబీఐ (కాలేజ్ బాస్కెట్‌బాల్ ఇన్విటేషనల్, 2008), లాస్ వేగస్‌లో మొదలైన క్రౌన్ (2025) లాంటివి ఎన్ఐటీ తర్వాతి మెట్టులో పెట్టండి, అంతకుమించి ఆలోచించనక్కర్లేదు.

4. ఒకసారి చేసి చూడండి

సీటన్ హాల్‌ను తీసుకోండి. ఆ యూనివర్సిటీకి రెండు ఎన్ఐటీ టైటిళ్ళు ఉన్నాయి: 1953, 2024. వాల్టర్ డ్యూక్స్ ఆడిన 1953 జట్టు ఆ సీజన్‌లో 31 ఆటలు గెలిచి రెండే ఓడింది. అప్పటికి ఎన్‌సీఏఏలో 22 జట్లకే చోటు. 2024లో 68 జట్లలో చోటు దక్కక వచ్చి, ఫైనల్‌లో 79-77తో ఇండియానా స్టేట్‌ను ఓడించింది. కాగితం మీద మొదటిదాని పక్కన ‘గొప్పది’ అని, రెండోదాని పక్కన ‘మంచిది’ అని రాయండి.