ఎర్ర మందారం రేకుల్లో ఈనెలు కనిపించాలంటే (నా అనుభవం)

మాక్రోలో (అతి దగ్గర నుంచి) ఎర్ర మందారం ఫోటో తీస్తే రేకులన్నీ ఒకే ఎర్రటి ముద్దలా వస్తున్నాయని చాలామంది అడుగుతున్నారు. నాకూ అదే బాధ. ట్రైపాడ్ మార్చడం, లెన్స్ తుడవడం, ఎడిటింగ్‌లో షార్ప్‌నెస్ పెంచడం ఏవీ పనిచేయలేదు.

అసలు చిక్కు ఎరుపు ఛానల్‌లో ఉంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెడితే ఎరుపు మాత్రం కుడి అంచుకు గుద్దుకుని ఉంటుంది, అంటే ఎరుపు మితిమీరి అందులోని వివరాలు పోతున్నాయన్నమాట.

తిరుపతి ఎండ తెలిసిందేగా, అందుకే ముందు మా తమ్ముడితో పువ్వుకు అడ్డంగా తెల్ల గొడుగు పట్టించాను. కెమెరాలో రా ఫార్మాట్ (సెన్సర్ డేటాను దాదాపు యథాతథంగా దాచే ఫైలు), పిక్చర్ స్టైల్ (రంగుల తీరు) న్యూట్రల్ పెట్టాను. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫోటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1 దాకా దించితే ఎరుపు అంచును వదిలింది. కేసరాల కాడ ఫ్రేములో ఒక మూల నుంచి ఏటవాలుగా వచ్చేలా జరిగి, ఎఫ్11లో (లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి) తీశాను. ఎడిటింగ్‌లో ఎరుపు సాచురేషన్ (రంగు గాఢత) కొంచెం తగ్గించి, ఆ తర్వాత నీడలు మాత్రమే పైకి లేపాను. రేకుల ఈనెలు, వాటి మధ్య సన్నని ముడతలు, పుప్పొడి గింజలు విడివిడిగా తేలాయి. ఎంత ఆనందమేసిందో!

మైనస్ 1 అన్నిచోట్లా సరిపోదు, మీ వెలుగును బట్టి మారుతుంది. రా కాకుండా జేపెగ్ (కుదించిన ఫోటో ఫైలు) మాత్రమే ఇచ్చే ఫోన్లలో ఇంత తేడా ఆశించకండి. నందివర్ధనం లాంటి తెల్ల పూలకు గొడుగు పనికొస్తుంది కానీ, ఎరుపు తగ్గించే పని అక్కర్లేదు.