కర్ర మండటం లేదా? ముందు తోట చూడండి: గోదావరి డెల్టాలో ఇంధన కర్ర సమస్యలు, పరిష్కారాలు

స్వీడన్‌లోని ఎన్‌షోపింగ్‌లో చాలా ఇళ్లకి వేడి ఒకే బాయిలర్ హౌస్ నుంచి వస్తుంది. అక్కడ కాచిన నీళ్లు భూమిలో వేసిన పైపుల గుండా ఇంటింటికీ వెళ్లి గదుల్ని వెచ్చబెడతాయి. ఆ బాయిలర్‌కి వేసే ఇంధనంలో కొంత భాగం, ఊరి మురుగునీటిని శుద్ధి చేసి పారించి పెంచిన విల్లో చెట్ల చిప్స్, అంటే యంత్రంలో తరిగిన చిన్న కర్ర ముక్కలు. మూడు నాలుగేళ్లకోసారి నరుకుతారు, మోడు మళ్లీ చిగురిస్తుంది. మనకి ముక్కోటి చలిలో కూడా ఇల్లు వెచ్చబెట్టుకునే పని లేదు గానీ, మండపేట, రామచంద్రపురం వైపు ఉప్పుడు మిల్లులకి ఆవిరి కావాలి, ఇటుక బట్టీలకి నిప్పు కావాలి. ఊక చాలని రోజుల్లో సరుగుడు, సుబాబుల్, జామాయిల్ కర్రే దిక్కు.

తేడా ముందుగా కనపడేది బాయిలర్ దగ్గర. అది పుట్టింది మాత్రం చాలాసార్లు యార్డులోనో తోటలోనో నర్సరీలోనో ఉంటుంది. అందుకే ఈ వరస బాయిలర్‌తో మొదలై వెనక్కి నడుస్తుంది. డెల్టాలో అలా వెనక్కి వెళ్తే ప్రతి మలుపులోనూ దాదాపు నీరే ఎదురవుతుంది.

సమస్య: ప్రెజర్ ఎక్కదు, చిమ్నీలోంచి తెల్లగా పొగ, కర్ర చివర్ల నుంచి నురగ

కర్ర పచ్చిది. తోలుకొచ్చినాయన "ఎండిపోయిందండీ, ఆయ్, నెల దాటింది కొట్టి" అంటాడు. ఆయన అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు కూడా. నెలరోజులు నేలమీద గుట్టగా పడి ఉన్న కర్ర పైవరసే ఆరుతుంది, అడుగున కొట్టినప్పటి తడి అలాగే ఉంటుంది.

ఈ లెక్క ఒకసారి చూడండి. అప్పుడే కొట్టిన కర్ర బరువులో దాదాపు సగం నీరు. అంటే 100 కిలోల్లో 50 కిలోలు చెట్టు, 50 కిలోలు నీళ్లు. అదే కర్రని 25 శాతం తేమకి ఆరబెడితే బరువు 67 కిలోలకి దిగుతుంది. పచ్చిదాంట్లో కిలోకి చేతికొచ్చే వేడి సుమారు 1,900 కిలోకేలరీలు, ఆరినదాంట్లో 3,150 పైన. మొత్తం లోడు మీద చూస్తే 67 కిలోల ఆరిన కర్ర, 100 కిలోల పచ్చి కర్ర కంటే దాదాపు పదో వంతు ఎక్కువ వేడినిస్తుంది. మిగతా వేడంతా ఆ నీళ్లని ఆవిరి చేసి చిమ్నీ ఎక్కించడానికే ఖర్చయిపోయింది. ఫైర్‌మ్యాన్‌ని ఎంత తిట్టినా ఆ వేడి తిరిగి రాదు.

ఖాయం చేసుకోవాలంటే: రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టండి. ఆరినవి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఆరిన కర్ర కోసిన ముఖం మీద మధ్య నుంచి అంచుకి పగుళ్లు పారతాయి, బెరడు గోటితో లాగితే ఊడి వస్తుంది. పేచీ వచ్చే చోట ఇది సరిపోదు. లోడులో పైన, నడుమ, అడుగున తలో కర్ర తీసి, చివర కాకుండా మధ్యలో రంపంతో కోసి, ఆ పొట్టు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఉంచి మళ్లీ తూచాలి. పోయిన బరువే నీళ్లు. వడ్ల తేమ చూసే మీటరు ఇక్కడ పనికిరాదు. అది గింజ కోసం లెక్క కట్టిన యంత్రం, కర్రకి ఏదో ఒక అంకె చూపిస్తుంది, ఆ అంకె పట్టుకుని గొడవ పడటమే మిగులుతుంది.

పరిష్కారం తోటలోనే మొదలవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నరికి, కొమ్మలు వెంటనే కొట్టకుండా రెండు మూడు వారాలు అలాగే పడుకోబెట్టండి. వాడిపోయేలోగా ఆకు మానులోని నీళ్లని పైకి లాగేస్తుంది. ఎండిన ఆకు అక్కడే రాలి నేలకి ఎరువవుతుంది. తరవాత యార్డులో, అడుగున రెండు అడ్డకర్రలు వేసి వాటిమీద పేర్చాలి. వరసకీ వరసకీ మధ్య మనిషి నడిచేంత సందు, గాలి వచ్చే వైపు ఖాళీ. జబ్బ లావున్న కర్రని చీల్చాలి. వానకి టార్పాలిన్ పైన మాత్రం కప్పండి, పక్కలు కూడా మూసేస్తే లోపల ఉక్కపోతకి బూజు పడుతుంది. రోహిణి కార్తె ఎండలు అయ్యేసరికి డెల్టాలో కర్ర ఎంత ఆరాలో అంతా ఆరుతుంది. జూన్ తర్వాత తీరప్రాంతపు గాలిలో ఆరబెడదామనుకోవడం ఆశే.

పొగ తెల్లగా కాక నల్లగా వస్తుంటే అది వేరే కథ. గాలి చాలటం లేదు, లేదా ఒకేసారి ఎక్కువ వేస్తున్నారు. కొంచెం కొంచెంగా వేసి, ఫ్యాన్, డ్యాంపర్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) చూసుకోమనండి.

సమస్య: గ్రేట్ (కర్ర మండే ఇనప జల్లెడ) మీద బూడిద గాజులా గడ్డ కడుతోంది

ఇసుక. అంతర్వేది, ఓడలరేవు వైపు తీరపు తోటల్లో కర్రని ఇసుకలో ఈడ్చుకొస్తే బెరడు సందుల్లో గుప్పెళ్లకొద్దీ ఇసుక ఇరుక్కుంటుంది. వేరుతో సహా పెరికిన మొద్దులు మరీ ఘోరం. ఆ ఇసుక, కర్ర బూడిదలోని పొటాషియంతో కలిస్తే మామూలు కొలిమి వేడికే మెత్తబడి గ్రేట్ కన్నాలని మూసేస్తుంది. గాలి ఆడదు, మంట చస్తుంది, మళ్లీ ప్రెజర్ పడుతుంది. గడ్డి కలిపి మండిస్తే గడ్డ ఇంకా పెద్దదవుతుంది, ఎందుకంటే గడ్డిలో పొటాషియం, క్లోరిన్ రెండూ ఎక్కువ. ఊక బూడిదంతా దాదాపు సిలికాయే, ఇసుకలో ఉండేదీ అదే, కాబట్టి కర్రతో కలిపే పాళ్లు చూసుకుని కలపాలి.

కర్రని భుజాన మోయించండి, లేదా బండి తోటలోకి పంపండి. వేరు మొద్దులు ఇటుక బట్టీకి పోనివ్వండి, అక్కడ గ్రేట్ ఉండదు. ఆకు, సన్న రెమ్మలు బాయిలర్‌కి పంపకండి. క్లోరిన్ మానులో కంటే ఆకులోనే ఎక్కువ, రొయ్యల చెరువు గట్టున పెరిగిన చెట్టు ఆకులో మరీ ఎక్కువ, అది బాయిలర్ ట్యూబుల్ని తినేస్తుంది. స్వీడన్ వాళ్లు విల్లోని చలికాలంలో, ఆకంతా రాలాకే కోయడానికి ఇదీ ఒక కారణం.

సమస్య: చిప్స్ గుట్టలోంచి పొద్దున్నే ఆవిరి, లోపల చెయ్యి పెట్టలేనంత వేడి

పచ్చి కర్రని చిప్పర్‌లో వేసి గుట్ట పోస్తే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. కొన్ని రోజుల్లోనే గుట్ట లోపల 60 డిగ్రీలు దాటుతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న వేడి బాయిలర్ చేరకుండానే అక్కడ ఖర్చవుతోంది. కొన్నిసార్లు అంటుకుంటుంది కూడా. చిప్స్ చేసింది చేసినట్టు వాడేయండి. నిలవ పెట్టాలంటే కర్రగానే పెట్టండి, వాడే వారం ముందు చిప్పర్‌కి పంపండి. గుట్ట ఎత్తు మనిషి ఎత్తుకి మించనివ్వకండి, పచ్చిదీ ఎండుదీ కలపకండి. మూసిన షెడ్డులో గుట్ట ఉంటే తలుపులు తెరిచి గాలి ఆడాకే మనిషిని లోపలికి పంపండి. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అక్కడ చేరే ప్రమాదం ఉంది.

సమస్య: నరికాక మోడు చిగురించలేదు

ముందు చెట్టేదో చూడండి. మన తీరంలో పాతకాలం నుంచి ఉన్న సరుగుడు మోడు నుంచి నమ్మకంగా చిగురించదు, దాన్ని మళ్లీ నాటుకోవడమే. రెండో పంట ఊరికే వస్తుందని ఎవరైనా చెప్పి అమ్మితే నమ్మకండి. సుబాబుల్, జామాయిల్ అలా కాదు, చక్కగా చిగురిస్తాయి. అవీ రాలేదంటే మూడు కారణాల్లో ఒకటి.

గొడ్డలితో చీలికలు పేలికలుగా కొట్టారు. లేదా వరదనీరు మోడు మీద నిలిచింది. లేదా మేకలు చిగుళ్లు తినేశాయి. సుబాబుల్ చిగురంటే మేకలకి ప్రాణం. జానెడు కంటే తక్కువ ఎత్తులో, రంపంతో, నీళ్లు జారిపోయేలా ఏటవాలుగా కొయ్యండి. బెరడు మోడుని అంటుకునే ఉండాలి. పిలకలు మూరెడు ఎత్తు వచ్చాక బలమైనవి రెండో మూడో ఉంచి మిగతావి తీసేయండి. మొదటి ఏడాది కంచె తప్పదు. లంకల్లో ఉన్నవాళ్లు వరద తీశాకే నరకాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీటి కింద మోడు ఎన్నాళ్లని బతుకుతుంది?

సమస్య: తోట పాలిపోయి ఎదగటం లేదు

ఇక్కడ తొందరపడి యూరియా చల్లకండి. పారతో ఒక మొక్క పక్కన జానెడు లోతు తవ్వి వేళ్లు చూడండి. సరుగుడు వేళ్లకి పగడాల గుత్తిలా గోధుమరంగు బుడిపెలు ఉండాలి. అవి ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కట్టుకున్న ఇళ్లు, గాలిలోని నత్రజని చెట్టుకి అందించేది అదే. బుడిపెలు లేకపోతే బాగా ఎదిగిన పాత సరుగుడు తోట నుంచి వేళ్ల దగ్గర మట్టి, ఆ బుడిపెలు కొన్ని నలిపి, మొక్క మొదట్లో వేసి తడపండి. కొత్త నేలలో, ముఖ్యంగా వరి చేలు తోటగా మార్చిన చోట, ఇది తరచుగా కావాలి. యూరియా ఎక్కువైతే బుడిపెలు కట్టడమే తగ్గిపోతుంది. సూపర్ ఫాస్ఫేట్ కొంచెం వేస్తే మేలు.

బుడిపెలు ఉన్నాయి, అయినా ఆకు చివర్లు మాడుతున్నాయి, నేల మీద తెల్లగా పొర. అది ఉప్పు. మొగల్తూరు, కాట్రేనికోన, భీమవరం చుట్టూ పక్క చేను రొయ్యల చెరువైతే ముందు అనుమానించాల్సింది దీన్నే. మట్టి పరీక్ష చేయించండి. ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటితే ఉప్పు నేల, పీహెచ్ 8.5 దాటితే క్షార నేల. రెండింటినీ కలిపి 'చౌడు' అనేయడం వల్ల చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. జిప్సం పని చేసేది క్షార నేల మీద. ఉప్పు నేల మీద ఎన్ని బస్తాలు వేసినా లాభం లేదు, దానికి కావలసింది మంచినీళ్లు, అవి కిందకి దిగి బయటికి పోయే దారి. చెరువుకీ తోటకీ మధ్య లోతుగా కాలువ తీసి మురుగు డ్రెయిన్‌కి కలపండి. కాలువలు వదిలాక బోదె నీళ్లతో కడగండి. డ్రెయిన్ పూడిపోయి ఉంటే కడిగిన ఉప్పు తిరిగి అక్కడే తేలుతుంది. కాబట్టి పని డ్రెయిన్‌తో మొదలుపెట్టాలి, అది నలుగురు రైతులు కలిస్తేనే అయ్యే పని.

సుబాబుల్ చిగుళ్ల మీద పేలంత పురుగులు, జామాయిల్ ఈనెల మీద బుడిపెలు: మొదటిది చాలావరకు వర్షాలకి తగ్గుతుంది, రెండోది నర్సరీ నుంచే వస్తుంది, మొక్క కొనేటప్పుడే ఆకు తిప్పి చూడాలి.

సమస్య: అక్కడక్కడా చెట్లు నిలువునా ఎండుతున్నాయి, బెరడు బొబ్బలెక్కి గీరితే నల్లటి పొడి

దీనికి మందు కొట్టి బాగుచేసే దారి లేదు. బొబ్బ తెగులు వచ్చిన సరుగుడు చెట్టుని వేరుతో తీసి అక్కడే కాల్చండి. చుట్టూ బతికున్న చెట్లకి అడుగున్నర లోతున కందకం తవ్వండి, వేరు వేరుని తాకకుండా. ఆ చోట మళ్లీ సరుగుడు పెట్టకండి. ఈ బూజు గాయాల గుండా దూరుతుంది, కాబట్టి వానలో కొమ్మలు కొట్టడం, వరసల మధ్య ట్రాక్టర్‌తో వేళ్లు తెగేలా దున్నడం మానుకోండి. బెరడు మీద పిప్పి, గూళ్లు కడుతున్న గొంగళిపురుగు మాత్రం ఇంత ప్రమాదకారి కాదు. గూడు గీకేసి, కన్నంలో తీగ పొడిచి, కిరసనాయిలు దూది పెట్టి మట్టి మెత్తితే చాలు. ఏడాదిలో నరికే తోటకి ఆ ఖర్చూ అనవసరం.

సమస్య: తుపానుకి తోటంతా ఒకే వైపు వాలిపోయింది

1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమ వాళ్లకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏడాది లోపు మొక్కలైతే నేల తడి ఉండగానే నిలబెట్టి మొదట్లో మట్టి ఎగదోయండి. అంతకు మించినవి విరిగితే ఆలస్యం చేయకుండా కోయించి పేర్చండి, నేలమీద తడిలో పడి ఉంటే పురుగు పడుతుంది. రేటు పడిపోతుందన్న టెన్షన్‌లో అందరూ ఒకేసారి అమ్ముకుంటారు. పేర్చి ఆరబెట్టగలిగినవాడు వేసవి దాకా ఆగగలడు. ఇకముందు తోటంతా ఒకే ఏడు నాటకండి. మూడు ముక్కలు చేసి ఏడాదికొకటి నాటితే, ఏ తుపానుకైనా బాగా ఎత్తెదిగిన చెట్లు మూడో వంతే ఉంటాయి, మిల్లుకి కూడా ఏటా కర్ర అందుతుంది.

సమస్య: నాటిన మొక్కలు నెల తిరక్కుండానే చచ్చాయి

చచ్చిన మొక్క పెరికి చూడండి. కాండం నేల మట్టానికి కత్తిరించినట్టుంటే పని కీచురాళ్లది. వేరు తొక్క తినేసి ఉంటే చెదలు. వేరు నల్లబడి కుళ్లు వాసన వస్తే నీరు నిలిచింది. వరి పండిన నల్లమట్టిలో సమతలంగా నాటితే ఇదే జరుగుతుంది, సుబాబుల్ అయితే మరీ. రెండడుగుల వెడల్పు గట్లు ఎత్తి వాటి మీద నాటాలి. గట్ల మధ్య నీళ్లు డ్రెయిన్‌కి పారాలి. మీటరుకి మీటరు దూరంలో ఎకరానికి 4,000 మొక్కలు పడతాయి, మీటరున్నర దూరంలో 1,800. గట్లు వేసే నేలలో నేను రెండోదానికే మొగ్గుతాను. కర్ర లావెక్కుతుంది, కూలీ తగ్గుతుంది, కొన్ని చచ్చినా తోట నిండుతుంది.

వేరు తెల్లగా, బాగానే ఉండి మొక్క మాత్రం వాడిపోతే వేరు అడుగు చూడండి. సంచి అడుగున స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. అలాంటిది బతికినా మూడో ఏట గాలికి ముందు పడేది అదే. కడియం వైపు నర్సరీలకి వెళ్లినప్పుడు మొక్క ఎత్తు చూసి మురిసిపోకండి. మూడు సంచులు కోసి వేరు చూపించమనండి, కాదన్నచోట కొనకండి. ఇప్పటికే తెచ్చేసుకుని ఉంటే, నాటే ముందు సంచి అడుగు అంగుళం మేర బ్లేడుతో తెగ్గోసి, పక్కన చుట్టుకున్న వేరుని నిలువునా ఒక గాటు పెట్టి నాటి, అదే పూట తడపండి.