కారు బేరం – 4వ పాఠం: చెల్లు వేయని నోటు

పోయిన పాఠంలో “ఎక్స్-షోరూమ్ ధర (ఒట్టి బండి ధర) పక్కన పెట్టండి, ఆన్‌రోడ్ ధర (పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి) అడగండి” అని రాసి ఊరుకున్నాను. తప్పు నాదే. మీలో కొందరు భీమవరంలో ఒకచోటికి, రాజమండ్రిలో ఒకచోటికి ఫోన్ చేసి, రెండు మొత్తాలూ రాసుకుని, తక్కువ చెప్పినచోట అడ్వాన్సు కట్టేశారు. పాలకొల్లు మాస్టారు ఒకరు అలాగే కట్టారు. తీరా చూస్తే ఆ ధరలో ఎక్స్‌ఛేంజ్ బోనస్, అంటే పాత కారు ఇస్తే వచ్చే తగ్గింపు, ముందే తీసేసి ఉంది. ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వడానికి మాస్టారి దగ్గరున్నది సైకిలు.

కాబట్టి మొత్తం అడగొద్దు, విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ఎక్స్-షోరూమ్ ఎంత, లైఫ్ ట్యాక్స్ ఎంత, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు ఎంతెంత, ఏ తగ్గింపు ఏ షరతు మీద ఇస్తున్నారు, ఆ ధర ఏ తేదీ దాకా చెల్లుతుంది. “హ్యాండ్లింగ్ ఛార్జీలు” అని కనిపిస్తే నేనైతే అక్కడే కొట్టేయమంటాను. బండిని షోరూమ్‌కి తెచ్చుకోవడం వాళ్ల పని. 10 లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు మన పేరున ముందే వసూలు చేసి కట్టే ఆదాయపన్ను) వేస్తే మాత్రం గొడవపడకండి. అది మోసం కాదు, ఐటీ రిటర్ను వేసేటప్పుడు సర్దుకోవచ్చు. ఇన్సూరెన్స్ బయట తెచ్చుకోవచ్చు. కొత్త కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) 3 ఏళ్లకి కట్టాల్సిందే, సొంత బండి డ్యామేజీకి 1 ఏడాది చాలు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. అమలాపురం తమ్ముడు ఒకతను రాశాడు: “అన్నా, బ్యాంకులో 9 శాతం అన్నారు. షోరూమ్‌లో 7 శాతమే అన్నారండి. ఇక ఆలోచించేదేముందని సంతకం పెట్టేశా.”

ఆలోచించాల్సింది అక్కడే, తమ్ముడూ. మన ఊళ్లో ప్రోనోటు మీద 6 లక్షలు తెచ్చావనుకో. ఏడాదికి వడ్డీతో పాటు అసలులో లక్ష తీర్చి, నోటు వెనక చెల్లు వేయించుకుంటావు. మర్నాటి నుంచి వడ్డీ 5 లక్షలకే. “లేదు, మొదట ఇచ్చింది 6 కదా, ఎప్పటికీ దానికే కట్టు” అంటే పెద్దమనుషుల్లో పెట్టవూ? షోరూమ్ వాళ్లు నీకు చెప్పిన 7 శాతం ఫ్లాట్ వడ్డీ. ఫ్లాట్ వడ్డీ అంటే సరిగ్గా అదే. చెల్లు వేయని నోటు.

లెక్క చూడు. 6 లక్షలకి 7 శాతం ఫ్లాట్ అంటే ఏడాదికి 42,000, ఐదేళ్లకి 2,10,000. అసలుతో కలిపి 60 నెలలకి పంచితే నెలకి 13,500. బ్యాంకు చెప్పిన 9 శాతం తగ్గే బాకీ మీద. దాని కిస్తీ సుమారు 12,455. అంటే “ఎక్కువ వడ్డీ” బ్యాంకులోనే ఐదేళ్లకి 62,000 పైచిలుకు మిగిలేది. ఆ 7 శాతాన్ని తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే 12.5 శాతం దాకా వస్తుంది. నూటికి రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12. షోరూమ్‌లో ఏసీ, కూల్‌డ్రింకు అన్నీ ఇచ్చి, రూపాయి వడ్డీ కంటే ఓ పిసరు ఎక్కువే వేశారన్నమాట.

ఐదేళ్ల లోనుకి నా అడ్డదారి: ఫ్లాట్ శాతాన్ని 1.8తో గుణించడం. కాగితం కావాలంటే ముఖ్య వివరాల పత్రం అడగండి, కేఎఫ్‌ఎస్ అంటారు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకి అది ఇవ్వాలని ఆర్‌బీఐ ఆదేశం. అందులో ఏపీఆర్ అన్న అంకె ఉంటుంది, అంటే లోనుకి ఏడాదికి పడే అసలు ఖర్చు శాతం. దాంట్లో ఫీజులు కూడా కలిసి ఉంటాయి. నేను మిగతా పేజీలకంటే ముందు దాన్నే చూస్తాను.

ఫ్లెక్సీల మీద “7 శాతమే” తెలుగులో తాటికాయంత, “షరతులు వర్తిస్తాయి” ఇంగ్లీషులో చీమ తలకాయంత ఉంటుంది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే, అదే అక్షరాల్లో ఉండాలని 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫొటో తీసి 1915కి (వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫిర్యాదు చేయొచ్చు. వెంటనే తీయండి, దసరా వెళ్లాక ఆ ఫ్లెక్సీ ఏ గొడ్లపాక మీదో ఉంటుంది.

నేనైతే బేరం ఆషాఢంలోనే ఆడతాను, అదీ నెలాఖరున. డెలివరీ మాత్రం శ్రావణంలో. ఇంట్లో అమ్మ ఊరుకోదు.

అభ్యాసం: తెల్లకాగితం మీద 6,00,000 బాకీ, 12.5 శాతం, కిస్తీ 13,500 పెట్టుకుని 60 నెలలకీ చేత్తో పట్టిక వేయండి. మొదటి నెల వడ్డీ 6,250, అసలులో చెల్లు 7,250, మిగిలిన బాకీ 5,92,750. రెండో నెల వడ్డీ ఈ మిగిలినదాని మీద. చివరికి వంద రూపాయలు అటూ ఇటూగా సున్నా రావాలి. ఫోన్‌లో యాప్ ఉందని నాకు చెప్పకండి. పట్టిక వేయకుండా 5వ పాఠానికి రావద్దు.