గీజర్ బాగుచేయాలా, మార్చాలా? తేల్చుకునే పద్ధతి

స్టోరేజ్ గీజర్‌లో మార్చడానికి వీల్లేనిది ఒక్కటే: లోపలి ట్యాంక్. ఎలిమెంట్ (నీళ్లు వేడిచేసే కడ్డీ), థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసేది), కటౌట్ (మరీ వేడెక్కితే కరెంటు ఆపేది), గాస్కెట్ (కారకుండా ఆపే రబ్బరు రింగు), సేఫ్టీ వాల్వ్ అన్నీ విడిగా దొరుకుతాయి. నీళ్లు వేడెక్కడం లేదని మొత్తం గీజర్‌నే పాత సామాన్లవాళ్లకు ఇచ్చేస్తారు కొందరు. ట్యాంక్‌కి చిల్లు పడినా ఎం-సీల్ పెట్టి నడిపిస్తారు మరికొందరు. రెండూ తప్పే. ముందు ట్యాంక్ సంగతి తేల్చుకోండి.

కారుతోంది ఎక్కడ?

ఎంసీబీ (మెయిన్ బోర్డులో గీజర్‌కి కరెంటు ఆపే మీట) దించి, కింది ప్లాస్టిక్ మూత తీసి టార్చ్ వేసి చూడండి. పైపు నట్ల దగ్గర చెమ్మ ఉంటే వాషర్ మారిస్తే చాలు. ఎలిమెంట్ బిగించిన ఫ్లాంజ్ (ట్యాంక్ అడుగున ఉండే లోహపు మూత) చుట్టూ కారితే గాస్కెట్ పోయినట్టు. ఫ్లాంజ్ పొడిగా ఉండి, పైరేకు లోపల నుంచి, దూదిలాంటి ఫోమ్‌లోంచి నీళ్లు దిగుతుంటే ట్యాంక్ పోయింది. ఇక దానిమీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

చన్నీళ్లు వచ్చే వైపున్న సేఫ్టీ వాల్వ్ నుంచి, గీజర్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే చుక్కలు పడితే అది లోపం కాదు. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 65కి వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి. అవి పోయేదారి అదే. బాత్రూమ్ తడుస్తోందని దానికి డమ్మీ (దారి మూసేసే బిరడా) బిగించేస్తారు కొందరు. ఎవరైనా అలా బిగించి ఉంటే ఈరోజే తీయించండి. థర్మోస్టాట్, కటౌట్ రెండూ పనిచేయని రోజున ట్యాంక్ పేలకుండా ఆపేది ఆ వాల్వే. చుక్కలు ఇబ్బందిగా ఉంటే సన్నని గొట్టం తగిలించి బయటికి వదలండి. గీజర్ ఆపి ఉన్నా కారుతూనే ఉంటే మాత్రం వాల్వ్ మార్చాలి.

సర్వీసింగ్ ఎప్పుడు?

బోరు నీళ్లయితే ఏడాదికోసారి, మునిసిపల్ నీళ్లయితే రెండేళ్లకోసారి. దసరా దాటగానే, చలి ముదరకముందే చేయాలి. ఆన్ చేయగానే లోపల చిటపటలాడినా, ఇదివరకు రెండు బకెట్లు వచ్చే వేడినీళ్లు ఇప్పుడు ఒకటిన్నరకే చల్లబడినా ఆగకుండా విప్పండి. సున్నం పట్టిందనడానికి కరెంటు బిల్లును గుర్తుగా పట్టుకోకండి. ఎలిమెంట్ వేడి ఎలాగూ నీళ్లలోకే పోతుంది. కాకపోతే సున్నం కింద ఎలిమెంట్ అతిగా కాలి తెగిపోతుంది.

కుళాయి ముట్టుకుంటే జిలజిలమంటే అది సర్వీసింగ్ దాకా ఆగే విషయం కాదు. వెంటనే ఎంసీబీ దించేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వారంటీ ఉన్న గీజర్‌నైతే కంపెనీ మనిషే విప్పాలి.

కావలసినవి

టెస్టర్, స్క్రూడ్రైవర్, బోల్టులకు సరిపోయే బాక్స్ స్పానర్, రెండు బకెట్లు, 100 గ్రాముల నిమ్మ ఉప్పు, మీ మోడల్‌కి సరిపోయే కొత్త గాస్కెట్, మెగ్నీషియం రాడ్ (ట్యాంక్‌కి తుప్పు పట్టకుండా కాపాడే కడ్డీ). పాత రాడ్ మర చూసుకోకుండా కొత్తది కొనకండి.

విప్పడం

ముందురాత్రే గీజర్ ఆపేయండి, నీళ్లు చల్లారాలి. ఎంసీబీ దించండి. గోడమీద స్విచ్ ఆపితే చాలదు, పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్ మీద ఉండొచ్చు. టెర్మినళ్లలో (వైర్లు బిగించే చోట్ల) ఎక్కడా కరెంటు లేదని టెస్టర్‌తో చూడండి. వైర్లకు ఫొటో తీసుకుని ఊడదీయండి. థర్మోస్టాట్‌ని కూడా తీసి పక్కన పెట్టండి, లేకపోతే తడుస్తుంది.

చన్నీళ్ల వాల్వ్ కట్టేసి, వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచి, సేఫ్టీ వాల్వ్ మీట ఎత్తండి. కుళాయి మూసి ఉంటే గాలి లోపలికి పోదు, నీళ్లు దిగవు.

అన్నీ దిగాక కూడా అడుగున నీళ్లు, బురద మిగులుతాయి. నట్లన్నీ రెండేసి చుట్లు వదులు చేసి, ఆ నీళ్లు బకెట్‌లోకి కారిపోయాకే పూర్తిగా తీసి ఫ్లాంజ్‌ని నిటారుగా కిందికి దించండి. ఎలిమెంట్‌ని పక్కలకు ఊపితే వంగుతుంది.

రాడ్ సగానికి సగం సన్నబడినా, మధ్యలో తీగ కనిపించినా మార్చేయండి. ట్యాంక్ ఇనుముకి బదులు ఆ మెగ్నీషియం కరిగిపోతుంది. అది అయిపోయిన రోజు నుంచి తుప్పు ట్యాంక్‌కి పడుతుంది. చాలామంది మెకానిక్‌లు దీన్ని చూడనే చూడరు, ఎలిమెంట్ మార్చి వెళ్లిపోతారు.

రాడ్ పక్కన పెట్టి, లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి ఎలిమెంట్‌ని గంటసేపు నానబెట్టండి. టెర్మినళ్లు తడవకూడదు. బాత్రూమ్ కడిగే యాసిడ్ వాడితే అర నిమిషంలో తెల్లగా మెరుస్తుంది, దాంతోపాటు లోహమూ తినేస్తుంది. ట్యాంక్ అడుగున సున్నం పెచ్చుల్ని చేత్తోనే తీయండి. చాకుతో గీకితే గాజుపూత ఊడి, అక్కడే తుప్పు మొదలవుతుంది.

మళ్లీ బిగించడం: చెడేది ఇక్కడే

పాత గాస్కెట్ ఎంత బాగున్నా మళ్లీ వేయకండి. అది కూర్చునే అంచు మీద ఇసుక రేణువంత సున్నం ఉన్నా కారుతుంది, గుడ్డతో తుడవండి. సిలికాన్ పూయొద్దు. ఈసారి కారకుండా ఆపినా, వచ్చే ఏడాది ఫ్లాంజ్ ఊడిరాదు.

నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకదాన్నే పూర్తిగా బిగించి పక్కదానికి వెళ్తే గాస్కెట్ ఒకవైపు నలిగి, రెండోవైపు లేస్తుంది. చేతికి గట్టిగా ఆనాక పావు చుట్టు చాలు. ఇంకా లాగితే స్టడ్ (నట్ ఎక్కే మరకడ్డీ) మర పోతుంది, స్టడ్ ట్యాంక్‌కి వెల్డింగ్ చేసి ఉంటుంది.

వైర్లు కలపకుండానే నీళ్లు నింపండి. వేడినీళ్ల కుళాయి తెరిచి పెడితే మొదట గాలి, ఆపైన బుసబుసలు, చివరికి ఆగకుండా ధార వస్తుంది. ధార వచ్చాకే కుళాయి మూయండి. గంట ఆగి ఫ్లాంజ్ చుట్టూ టిష్యూ కాగితం ఒత్తి చూడండి. పొడిగా ఉంటే ఎర్త్ వైర్ ముందుగా, తర్వాత మిగతావి ఫొటో ప్రకారం కలపండి. నిండని ట్యాంక్‌లో 2,000 వాట్ల ఎలిమెంట్ కొద్ది నిమిషాల్లోనే మాడిపోతుంది. కొత్త ఎలిమెంట్ వేసిన రోజే కాలిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే.

థర్మోస్టాట్ 60 డిగ్రీలు దాటించకండి. అంతకుమించితే సున్నం వేగంగా పడుతుంది. 15 లీటర్ల గీజర్ 25 డిగ్రీల నీళ్లను దాదాపు ఇరవై నిమిషాల్లో అక్కడికి తెస్తుంది.

కొత్తది ఎప్పుడు?

ట్యాంక్ కారినప్పుడు. ఫ్లాంజ్ స్టడ్ విరిగినప్పుడు. రాడ్ మార్చి, ట్యాంక్ కడిగాక కూడా వేడినీళ్ల కుళాయి నుంచి ఎర్రనీళ్లు వస్తున్నప్పుడు. చన్నీళ్లు కూడా ఎర్రగా వస్తే తప్పు గీజర్‌ది కాదు, ఓవర్‌హెడ్ ట్యాంక్ లేదా పైపులు చూడండి.

కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు, బీఈఈ స్టార్ లేబుల్ ఉండాలి. ఎత్తైన అపార్ట్‌మెంట్ గానీ ప్రెజర్ పంపు గానీ ఉంటే 8 బార్‌ల నీటి ఒత్తిడి కన్నా తక్కువ తట్టుకునేది వద్దు. బోరు నీళ్లకు గాజుపూత ట్యాంక్, లావు రాడ్ ఉన్నదే తీసుకోండి. పాత సేఫ్టీ వాల్వ్‌ని కొత్త గీజర్‌కి బిగించనివ్వకండి. రాడ్ మార్చిన నెల, సంవత్సరం మార్కర్‌తో కింది మూత లోపలివైపు రాసిపెట్టండి.