ఏపీఏఆర్‌లో పక్షపాతం జరిగిందనిపిస్తే అభ్యర్థన ఎలా రాయాలి

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పది, ఇరవై, ముప్పై ఏళ్ల సర్వీసు దగ్గర వచ్చే ఎంఏసీపీ పెంపు (పదోన్నతి రాకపోయినా జీతం స్థాయి పెంచే పథకం), పై అధికారి ఏటా రాసే ఏపీఏఆర్ (వార్షిక పనితీరు మదింపు నివేదిక) గ్రేడింగు మీద ఆధారపడి ఉంటుంది. ఏడవ వేతన సంఘం సిఫార్సు మేరకు 2016 జూలై 25 నుంచి దీనికి కనీస అర్హతను 'వెరీ గుడ్'గా నిర్ణయించారు. పది మార్కుల కొలతలో ఆరు నుంచి ఎనిమిది లోపు వస్తే 'వెరీ గుడ్', నాలుగు నుంచి ఆరు లోపు వస్తే 'గుడ్'. వినడానికి మెచ్చుకోలులా ఉండే ఈ 'గుడ్' జీతం దగ్గరికి వచ్చేసరికి నష్టమే.

అధికారి తనవాళ్లను పైకి తెచ్చుకున్నాడని నిరూపించడం దాదాపు అసాధ్యం. సహోద్యోగి ఏపీఏఆర్‌ను సమాచార హక్కు కింద అడిగినా, అది వ్యక్తిగత సమాచారమన్న కారణంతో సాధారణంగా ఇవ్వరు. కాబట్టి అధికారి మనసును వదిలిపెట్టి, ఆయన వేసిన మార్కుకూ రికార్డులో ఉన్న పనికీ పొంతన లేదని చూపడం మీదే శ్రమ పెట్టాలి.

ఆ శ్రమ సంవత్సరం మొదట్లోనే ప్రారంభం కావాలి. అప్పగించిన పనులు, గడువులు, పూర్తయిన తేదీలు, ఆఫీస్ ఆర్డర్ల నంబర్లు ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుని, సెల్ఫ్ అప్రైజల్‌లో (ఏపీఏఆర్‌లో ఉద్యోగి తన పని గురించి తానే రాసే భాగం) విశేషణాలకు బదులు వాటినే పేర్కొనాలి. సిబ్బంది కొరత వల్లనో, నిధులు అందకనో పని ఆగితే ఆ కారణాన్నీ అక్కడే నమోదు చేయాలి.

గ్రేడింగులో పని ఫలితానికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30, విధి నిర్వహణ సామర్థ్యానికి 30 శాతం వెయిటేజీ ఉంటుంది. నా అభిప్రాయంలో ఇష్టాయిష్టాలు ఎక్కువగా చొరబడేది చివరి రెండింటిలోనే, ఎందుకంటే క్రమశిక్షణ, వైఖరి వంటి వాటిని లెక్కపెట్టే కొలబద్ద ఏదీ లేదు. అందుకే ఏపీఏఆర్ చేతికి రాగానే మొత్తం అంకె కంటే ముందు ఒక్కో అంశానికి వేసిన మార్కును, అధికారి రాసిన వ్యాఖ్యతో పోల్చి చదవాలి. 'సమయపాలన బాగుంది' అని రాసి ఆ అంశంలోనే ఐదు మార్కులు వేస్తే, ఆ వైరుధ్యమే మీకు బలమైన ఆధారం. రిపోర్టింగ్ అధికారి, అంటే ఏపీఏఆర్ రాసే పై అధికారి, మీ పనిని కనీసం మూడు నెలలైనా చూశాడా అన్నదీ పరిశీలించాలి.

పూర్తి ఏపీఏఆర్‌ను ఉద్యోగికి చూపాలన్న నియమానికి మూలం 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆ కేసులో ఒక ఇంజనీరుకు పదోన్నతి రాకుండా అడ్డుపడింది కూడా, ఆయనకు తెలియజేయని ఒక 'గుడ్' గ్రేడింగే. 2009 మే నాటి ఉత్తర్వుల ప్రకారం ఏపీఏఆర్ అందిన 15 రోజుల్లో అభ్యర్థన ఇవ్వాలి. ఆవేశంతో పది పేజీలు రాసేకంటే, అభ్యంతరమున్న ఒక్కో అంశం, దానికి వేసిన మార్కు, దానికి ఎదురుగా నిలిచే పత్రం వరుసగా చూపి, ఏ మార్కును సవరించాలో స్పష్టంగా కోరితే రెండు పేజీలు చాలు. పక్షపాతం, కక్ష వంటి మాటలను రాతపూర్వక ఆధారం ఉంటే తప్ప వాడకూడదు. ఎందుకంటే నిర్ణయం తీసుకునే అధికారి అవసరమనుకుంటే రిపోర్టింగ్ అధికారిని కూడా సంప్రదించవచ్చు, అప్పుడు చర్చ మార్కుల నుంచి మీ ప్రవర్తన మీదికి మళ్లుతుంది.

కారణాలు చెప్పకుండా తిరస్కరిస్తే, ఆ ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోగా కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో పనిచేసేవారికి అది హైదరాబాద్ బెంచి. ట్రిబ్యునల్ సాధారణంగా తానే మార్కులు వేయదు కనుక, కారణాలతో కూడిన పునఃపరిశీలనకు ఆదేశించాలనీ, ఆ ఫలితాన్ని బట్టి ఎంఏసీపీని రావలసిన తేదీ నుంచే వర్తింపజేయాలనీ పిటిషన్‌లో కోరాలి.